తల్లికి జలుబు చేస్తే పాలు ఆపుమని ఫోన్‌ల ఆర్డర్ వేసే మనందరికీ

ఈ పోస్టు జర పొడుగు ఉంటది. ఆదివారం బట్టలు ఆరేసుకొని, వంట అయినంక తీరుబాటుగా చదువుండ్రి. మేము డాక్టర్లం కాదు. పదో తరగతి చదివి, సెంట్రింగ్ పనికి వచ్చి, 19 ఏండ్లల్ల సూపర్‌వైజర్ దాకా ఎదిగినోళ్లం. ఆడోళ్ల ముచ్చట మీకెందుకు అని కొందరు అనొచ్చు. కానీ ఈ ముచ్చట మన రూంలల్లనే నడుస్తున్నది, మన నోటి నుంచే పోతున్నది. అందుకే రాస్తున్నం.

పోయిన నెల ఒక రాత్రి మా రూంల ఆరుగురం ఉన్నం. కింది బెడ్డు మీద పండే తమ్ముడు స్టీల్ ఫిక్సర్, మెట్‌పల్లి దిక్కు పిల్లగాడు. ఊర్ల భార్య, మూడు నెలల ఆడపిల్ల. ఆ పిల్లను ఇంకా చేతులతో పట్టుకోలేదు, ఫోన్‌లనే చూసుకుంటడు. డ్యూటీ దిగి స్నానం చేసి బోటిమ్‌ల వీడియో కాల్ పెట్టిండు. అవతల ఆ అమ్మాయికి ముక్కు కారుతున్నది, గొంతు పూడుకపోయింది, ఒళ్లు కాలుతున్నదట. పాప ఒడిల పాలు తాగుతున్నది. మావోడు అది చూసి గట్టిగ మొత్తుకున్నడు. "నీకు జరం ఉంటే పిల్లకు పాలెట్ల ఇస్తున్నవ్? నీ పాలల్లకెళ్లి దానికి కూడ అంటుతది. ఆపెయ్. డబ్బ పాలు తెప్పియ్, పైసలు ఇప్పుడే కొడుత" అన్నడు. వెనుకకెళ్లి వాళ్ల అమ్మ, "నేను పొద్దటి సంది అదే చెప్తున్న కొడుకా, వింటలేదు" అన్నది. ఆ అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. పాపను పక్కకు తీసింది. పాప ఏడ్వబట్టింది. ఫోన్ గోడ దిక్కు తిరిగింది.

రూంల అందరం విన్నం. ఒక్కరు కూడ వద్దనలేదు. ఇద్దరైతే "కరెక్టే తమ్మీ, రిస్క్ ఎందుకు" అని సపోర్ట్ చేసిన్రు. మేము నోరు తెరవడానికి ఒక పది నిమిషాలు పట్టింది. ఎందుకంటే అదే మాట, అదే గొంతుతోటి, మేము కూడ ఒకప్పుడు చెప్పినోళ్లమే.

2011 జనవరి. మా పెద్దపాపకు రెండు నెలలు. అప్పుడు వీడియో కాల్ లేదు, ఫోన్ కార్డు గీకి నంబర్లు కొట్టి మాట్లాడేది. ఇంట్ల మా ఆమెకు జలుబు, జరం. ఊర్ల పెద్దమనుషులు "జరం పాలు పిల్లకు పడయి" అన్నరు. మేము షార్జా నుంచి "ఆపుమను, డబ్బ తెప్పియ్యుమను" అన్నం. కార్డుల నిమిషాలు అయిపోతయని తొందర తొందరగ చెప్పి పెట్టేసినం. నాలుగు రోజులు సీసా పాలు పట్టిన్రు. ఐదో రోజు పాపకు నీళ్ల విరేచనాలు. టౌన్‌ల ఒక ప్రైవేట్ దవాఖానల మూడు రోజులు సెలైన్, 18,000 బిల్లు. అది ఒక దిక్కు. ఇంకో దిక్కు మా ఆమెకు పాలు నిండి రొమ్ము రాయి లెక్క అయి, గడ్డ కట్టి, చీము పట్టి, కోత పెట్టి తీసిన్రు. జలుబు అయితే వారంల తగ్గింది. ఈ కోత మానడానికి నెల దాటింది. ఆ తర్వాత పాలు సరిగ రాలేదు. ఏడాది దాకా డబ్బలే. ఆ ఏడాది మేము పంపిన పైసలల్ల ఎంత డబ్బలకు పోయిందో లెక్క రాసిన పుస్తకం ఇంకా ఉన్నది, చూడబుద్ధి కాదు. పాప ఇప్పుడు మంచిగనే ఉన్నది, పదో తరగతి. మా చదువుతోటి సమానం అయింది, ఇంకో ఏడాదైతే మమ్మల్ని దాటుతది.

ఆ దవాఖానోళ్లు అయినా "ఎందుకు ఆపిన్రు" అని ఒక్క మాట అడగలేదు. సీసా ఎట్ల కడుగుతున్నరు, నీళ్లు కాగబెడుతున్నరా అని అడగలేదు. మందులు రాసిచ్చి, ఇంకో రకం డబ్బ రాసిచ్చి పంపిన్రు.

మాకు అసలు సంగతి తెలిసింది రెండోవాడు పుట్టినప్పుడు. అప్పుడు మేము లీవు మీద ఇంట్లనే ఉన్నం. మా ఆమెకు మళ్ల జరం, దగ్గు. మేము మళ్ల అదే పాట పాడినం. మా మరదలు ఆశా వర్కర్. ఇంటికొచ్చి అరుగు మీద కూసొని అన్నది: "బావా, స్లాబు గురించి నువ్వు చెప్పు, నేను వింట. పాల గురించి నేను చెప్త, నువ్వు విను." ఆమె చెప్పింది విన్నం. ఆ తర్వాత ఇక్కడ క్యాంపు క్లినిక్‌ల నర్సమ్మను కూడ అడిగినం, ఆమె కూడ అదే చెప్పింది. ఇప్పుడు మీకు చెప్పేది వాళ్ల దగ్గర నేర్చుకున్నదే.

జలుబు గానీ ఫ్లూ జరం గానీ పాలల్లకెళ్లి రాదు. తుమ్మినప్పుడు, దగ్గినప్పుడు వచ్చే తుంపరలతోటి వస్తది. ముక్కు తుడుచుకున్న చేతితోటి పిల్లను పట్టుకుంటే వస్తది. మన రూంల ఒక్కనికి జలుబు చేస్తే నాలుగు రోజులల్ల ఆరుగురికి చేస్తది కదా, మనం ఎవరి పాలు తాగినం? గాలి, చేతులు, ఒక్కటే ఏసీ. అంతే.

ఇంకో సంగతి. ఫ్లూ ఉన్న మనిషికి జరం బయటపడక ముందే, ఒక రోజు ముందు నుంచే అది పక్కవాళ్లకు అంటుతది. అంటే మీ భార్యకు ఒళ్లు వేడైందని మీకు ఫోన్‌ల తెలిసే సరికి, పాప ఆమె పక్కల పండి, ఆమె శ్వాస పీల్చి, ఒక రాత్రి అయిపోయింది. అప్పుడు పాలు ఆపితే అంటేది ఏం ఆగది. ఆగేది మందు ఒక్కటే. మందు అని ఎందుకంటున్నం అంటే, తల్లి ఒళ్లు ఆ రోగంతోటి కొట్లాడుతుంటే ఒంట్ల తయారయ్యేటి యాంటీబాడీలు ఆ పాలల్లకు కూడ దిగుతయి. ఏ రోగం ఆ ఇంట్లకు వచ్చిందో, ఆ రోగానికే సరిపోయే రక్షణ అది. మూడు నెలల పిల్లకు ఫ్లూ టీకా కూడ వెయ్యరు, ఆరు నెలలు నిండాలె. మరి ఆ పిల్లకు ఉన్న అండ ఏంది? తల్లి పాలే. మనం ఫోన్‌ల ఒక్క కేక వేసి దాన్నే తీసేస్తున్నం.

అట్లని పాలు తాగితే పిల్లకు జలుబు రానే రాదని మేము చెప్తలేం. మా రెండోవానికి వచ్చింది. రెండు రోజులు ముక్కు కారింది, రాత్రి చిరాకు పడ్డడు, పోయింది. పెద్దదానికి పాలు ఆపినం, దవాఖానల పడ్డది. ఒక ఇంటి లెక్కతోటి అందరికీ తీర్పు చెప్పొద్దు, నిజమే. కానీ 2020ల కరోనా వచ్చినప్పుడు కూడ, ప్రపంచమంతా వణుకుతున్న రోజులల్ల, ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లులకు చెప్పింది ఇదే: పాలు ఆపొద్దు, మాస్కు కట్టుకొని, చేతులు కడుక్కొని ఇయ్యండి అని. కరోనాకే ఆపలేదు, జలుబుకు మనం ఆపుతున్నం.

"జరం పాలు", "వేడి పాలు", "చెడ్డ పాలు" అనే మాటలు మన దిక్కు పాతవి. ఒకప్పుడు కాన్పు కాంగనే వచ్చే ముర్రుపాలు కూడ పిండి పారబోసేటోళ్లు, అవి చెడ్డవని. మా అమ్మ మాకు అట్లనే చేసిందట, తానే చెప్పింది. ఇప్పుడు ఊర్ల ఎవరన్న ముర్రుపాలు పారబోస్తరా? ఏఎన్ఎం ఊకోదు. ఆ మాట పోయింది కదా, ఈ మాట కూడ పోవాలె. తల్లికి 102 జరం ఉన్నా పాలు చెడిపోవు.

ఇగ ఆపితే ఏమైతది? పాలు అనేటివి ట్యాంకుల నింపి పెట్టిన నీళ్ల లెక్క కాదు. పిల్ల తాగినకొద్ది తయారైతయి. తాగుడు ఆగితే ఒళ్లు "అవసరం లేదేమో" అనుకొని తయారు చేసుడు తగ్గిస్తది. మూడు నాలుగు రోజులు ఆపి, జరం తగ్గినంక మళ్ల మొదలుపెడుదాం అనుకుంటరు. అప్పటికి పాలు తగ్గి ఉంటయి, పిల్ల సీసాకు అలవాటు పడి రొమ్ము పట్టది. ఆ నాలుగు రోజులు తల్లికి పాలు నిండి సలుపులు, గడ్డలు. ఒకవేళ గడ్డ కట్టినా తాగిపిచ్చుడు ఆపొద్దు, తాగిపిస్తనే కరుగుతది అని మా మరదలు చెప్పింది. మా ఇంట్ల 2011ల ఆ మాట చెప్పేటోళ్లు ఉంటే కోత తప్పేదేమో.

ఇప్పుడు డబ్బ సంగతి. దీని గురించి జర నిజం మాట్లాడుకుందాం. మనం లీవుకు పోతే సామాన్ల ఏం కొంటం? బ్లాంకెట్, ఖర్జూరాలు, టార్చ్ లైట్, టైగర్ బామ్, యాక్స్ ఆయిల్, ఇంట్ల పసిపిల్ల ఉంటే పాల డబ్బలు. లులుల పోయి పెద్ద డబ్బ, మీద నవ్వే పిల్ల బొమ్మ. అది ఇంట్ల అల్మారి మీద పెడితే చూసేటోళ్లకు "దుబాయ్ పాలు" అని గొప్ప. మనకు కూడ గొప్పే. బిడ్డను ఎత్తుకోలేం, రాత్రి లేచి ఊకోబెట్టలేం, దవాఖానకు తీసుకపోలేం. ఏదన్న చేసినం అనిపించుకోవాలె కదా. అందుకే డబ్బ పంపుతం. ఫోన్‌ల కేకలు కూడ అందుకే వేస్తం. భయం. మూడు వేల కిలోమీటర్ల అవతల ఏం జరుగుతున్నదో తెల్వని భయం. ఆ భయానికి మన దగ్గర ఉన్న పనిముట్లు రెండే, ఫోను, పైసలు. కానీ పైసలు పంపేటోని మాట కాబట్టి ఇంట్ల అది చట్టం అయితది. ఆ పిల్ల తల్లికి తెలిసినా ఎదురు చెప్పది.

ఆ డబ్బ మీదనే రాసి ఉంటది, మీరు చదవండి. మన దేశంల 1992ల చట్టం వచ్చింది, పసిపిల్లల పాల డబ్బలకు అడ్వర్టైజ్‌మెంట్లు ఇయ్యొద్దని, డబ్బ మీద "తల్లి పాలే మీ బిడ్డకు శ్రేష్ఠం" అనే మాట తప్పకుండ వెయ్యాలని. అమ్మేటోనితోనే ఆ మాట రాయించిన్రు. మనం చదవకుంట మోసుకపోతున్నం.

డబ్బ పాలు విషం అని మేము అంటలేం. తల్లి లేని పిల్లలు, నిజంగనే పాలు రాని తల్లులు, డాక్టరే వద్దన్న కొన్ని పెద్ద రోగాలు, వాటికి అది కావాలె, ప్రాణం నిలబెడుతది. అట్ల డబ్బ పాలు పట్టే తల్లిని ఎవరూ చిన్నచూపు చూడొద్దు, మా ఇంటామె ఏడాది పట్టింది. కానీ దాన్ని కలిపే పద్ధతి ఉంటది. కాగి మరిగిన నీళ్లు, శుభ్రమైన గిన్నె, డబ్బ మీద రాసిన లెక్క ప్రకారమే పొడి. డబ్బ తొందరగ అయిపోవద్దని నీళ్లు ఎక్కువ కలుపుతరు మనోళ్లు. కాంక్రీట్ల నీళ్లు ఎక్కువైతే ఏమైతదో మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. పిల్ల కడుపు నిండినట్టు కనబడుతది, ఒంట్ల బలం ఉండది.

సరే, ఫోన్ చేసినప్పుడు మరి ఏం చెప్పాలె?

పాలు ఇయ్యుమనాలె. పిల్లను పట్టుకునే ముందు ప్రతిసారి సబ్బుతోటి చేతులు కడుక్కొమ్మనాలె. పాలిచ్చేటప్పుడు మూతికి మాస్కు, లేకపోతే శుభ్రమైన దస్తి కట్టుకొమ్మనాలె. పిల్ల మొఖం మీద దగ్గొద్దు, ముద్దులు పెట్టొద్దు. పాలు ఇచ్చి, తల్లి జర నిద్రపోతే పాపను నాయనమ్మ ఎత్తుకోవాలె. నాయనమ్మకు కూడ జలుబు ఉంటే ఆమె కూడ మాస్కు కట్టుకోవాలె. మనోళ్లు తల్లికి కట్టి, ఇంట్ల దగ్గుతున్న మిగిలినోళ్లందరినీ పిల్ల మీదికి వదులుతరు!

తల్లి మరీ నీరసంతోటి లేవలేకపోతే, పాలు చేత్తోటి పిండి శుభ్రంగ కడిగి కాగబెట్టిన స్టీల్ గిన్నెల పట్టి, చెంచతోటి తాగిపియ్యొచ్చు. సీసా అక్కర్లేదు. మన ముసలవ్వల కాలంల ఉగ్గు గిన్నె ఉండేది, గుర్తున్నదా? అదే. పిండిన పాలు చల్లని గదిల నాలుగు గంటల దాకా ఉంటయంటరు, ఫ్రిజ్‌ల నాలుగు రోజులు. మన రేకుల ఇండ్లల్ల ఎండకాలం అయితే నాలుగు గంటలు కూడ పెట్టొద్దు, వెంటనే తాగిపియ్యాలె. స్టవ్ మీద కాగబెట్టొద్దు, వేడి నీళ్లల్ల గిన్నె పెడితే చాలు.

తల్లి తిండి. ఇక్కడ మన ఊర్లల్ల ఇంకో అన్యాయం జరుగుతది. జలుబు చేసిన బాలింతకు పెరుగు వద్దు, అరటిపండు వద్దు, నీళ్లు ఎక్కువ తాగొద్దు, ఎల్లిగడ్డ కారం అన్నం ఒక్కటే. జరం ఉన్న మనిషికి నీళ్లు, గంజి, పప్పు, గుడ్డు కావాలె, ఆమె ఇద్దరికి తింటున్నది. ఇగ మా నిజామాబాద్, జగిత్యాల దిక్కు అయితే బీడీల ముచ్చట. జరం ఉన్నా చాట ఒళ్లో పెట్టుకొని చుడుతరు, కార్ఖానల లెక్క ఇయ్యాలె కదా. ఆ తంబాకు చేతులతోటే పిల్లను ఎత్తుకుంటరు. అన్నలారా, డబ్బలకు పంపే పైసలు ఆ నాలుగు రోజుల బీడీల కూలి కింద పంపుండ్రి. "ఈ వారం చుట్టకు, పండు" అని ఒక్క మాట చెప్పుండ్రి. మీ అమ్మకు కూడ ఫోన్ చేసి మంచిగ చెప్పుండ్రి, అరవకుండ. ఆమె కూడ మనుమరాలి మీద ప్రేమతోనే అంటున్నది, ఆమెకు ఎవరు చెప్పిన్రు?

మందులు. ఇది జర జాగ్రత్త. మెడికల్ షాపుల గానీ ఆర్ఎంపీ దగ్గర గానీ మొదటి మాట "నేను పాలిచ్చే తల్లిని" అని చెప్పాలె. జరానికి పారాసిటమాల్ లెక్క ప్రకారం వేసుకుంటే పాలిచ్చే తల్లికి ఇబ్బంది లేదు. ఆస్పిరిన్ వద్దు. ముక్కు దిబ్బడకు ఇచ్చే కొన్ని గోళీలతోటి పాలు తగ్గుతయి, కొన్ని జలుబు గోళీలతోటి పిల్లకు మత్తు వస్తది. కోడీన్ ఉన్న దగ్గు సిరప్, ట్రమడాల్ నొప్పి గోళీలు పాలిచ్చే తల్లి అస్సలు తీసుకోవద్దు, పిల్ల శ్వాస మందగిస్తది. ట్రమడాల్ చీటీ లేకుంట బ్యాగుల తెస్తే ఇక్కడ ఎయిర్‌పోర్టుల ఏమైతదో మనకు తెలుసు, ఊర్ల మాత్రం అది ఒళ్లు నొప్పుల గోళి.

పిల్లకు కూడ జలుబు అంటితే, పాలు ఇంకా ఎక్కువసార్లు ఇయ్యాలె, కొంచెం కొంచెం. ముక్కు దిబ్బడ ఉన్న పిల్ల నోట్ల రొమ్ము పెట్టుకొని శ్వాస ఆడక వదిలేస్తది, పాలు చెడ్డవని కాదు. తల జర పైకి ఉండేటట్టు పట్టుకోవాలె. మెడికల్ షాపుల దొరికే ఉప్పునీళ్ల చుక్కలు, నార్మల్ సెలైన్ అంటరు, పాలకు ముందు ఒకటి రెండు చుక్కలు వేసి తుడిస్తే ముక్కు తెరుచుకుంటది. ముక్కుల నూనె పొయ్యొద్దు, ఆముదం పొయ్యొద్దు, ఊపిరితిత్తులల్లకు పోతది. ఏడాది లోపు పిల్లకు తేనె నాకియ్యొద్దు. పిల్ల మంచం కింద వాము పొగ, సాంబ్రాణి పొగ పెట్టొద్దు, జలుబు చేసిన పిల్లకు పొగ ఎట్ల మంచిగైతది?

ఇంకొకటి, మనం పంపిన సామానే. విక్స్, టైగర్ బామ్, యాక్స్ ఆయిల్ రెండేండ్ల లోపు పిల్లలకు రాయొద్దు. ముక్కు కింద, ఛాతీ మీద రాసి "దుబాయ్ మందు" అంటరు. అది పెద్దోళ్ల నడుము నొప్పులకు. దగ్గు సిరప్ కూడ పసిపిల్లకు షాపోడు ఇచ్చింది పొయ్యొద్దు. 2025ల మధ్యప్రదేశ్‌ల దగ్గు సిరప్ తాగి చిన్నపిల్లలు చనిపోయిన వార్త అందరం చూసినం కదా.

ఎప్పుడు దవాఖానకు ఉరకాలె? మూడు నెలల లోపు పిల్లకు 100.4 జరం వచ్చిందంటే ఆగొద్దు, అదే రోజు డాక్టర్. పిల్ల పాలు తాగుడు బంద్ చేస్తే, డొక్కలు లోపలికి గుంజుకపోతుంటే, పెదాలు నీలం పడితే, లేపినా లేవకుంట మత్తుగ ఉంటే, ఉచ్చ బాగ తగ్గితే 108కు ఫోన్. శ్వాస లెక్కపెట్టుడు ఒకటి మా మరదలు నేర్పింది. పిల్ల ఏడ్వనప్పుడు, పండుకున్నప్పుడు, అంగీ లేపి పొట్ట లేచుడు దిగుడు ఒక నిండు నిమిషం లెక్కపెట్టాలె. రెండు నెలల లోపు పిల్లకు 60 గానీ అంతకన్న ఎక్కువ గానీ, రెండు నెలల నుంచి ఏడాది దాకా 50 గానీ అంతకన్న ఎక్కువ గానీ వస్తే అది మామూలు జలుబు కాదు, వెంటనే తీసుకపోవాలె. తల్లికి కూడ శ్వాస ఆడకపోతే, ఛాతీల నొప్పి వస్తే, జరం తగ్గి మళ్ల గట్టిగ వస్తే ఆమెను కూడ. పిల్ల మీద పడి తల్లిని మర్చిపోతరు.

ఇదంతా మగోళ్ల లెక్కల రాస్తున్నం, కానీ మనల్ల ఆడోళ్లు కూడ ఉన్నరు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇండ్లల్ల పనికి వచ్చిన అక్కచెల్లెండ్లు, ఏడెనిమిది నెలల పిల్లను తల్లి దగ్గర వదిలి వచ్చినోళ్లు. వాళ్ల పిల్లకు జలుబు చేస్తే పాలు ఇయ్యాలా వద్దా అనే ప్రశ్నే లేదు. మస్కట్‌ల ఉన్నప్పుడు మాకు తెలిసిన ఒక చెల్లె, వచ్చిన మొదటి వారం బాత్రూంల పాలు పిండి పారబోసుకున్న అని మా ఇంటామెకు చెప్పి ఏడ్చింది. ఇక్కడ యూఏఈల ప్రైవేట్ కంపెనీల పనిచేసే తల్లికి 2021 చట్టం ప్రకారం 60 రోజుల సెలవు, కాన్పు అయిన ఆరు నెలల దాకా పాలిచ్చేందుకు రోజుకు గంట టైం ఉన్నది. ఇండ్లల్ల పనిచేసేటోళ్లకు ఆ చట్టం వర్తించది. దాని గురించి వేరే పోస్టు రాయాలె, ఇందుల పట్టది.

అదే చట్టంల తండ్రికి కూడ ఒకటి ఉన్నది, చాలామందికి తెల్వదు. బిడ్డ పుట్టిన ఆరు నెలల లోపల ఐదు పనిరోజులు జీతంతోటి సెలవు. ఐదు రోజులల్ల ఊరికి పోయి వచ్చుడేందని నవ్వుతరు. టికెట్ పైసలు మనవే. అయినా అడుగుండ్రి, హెచ్ఆర్‌ల అడిగి రాయించుకోండి. వీకెండ్ కలుపుకొని, ఇంకో నాలుగు రోజులు లీవు కలుపుకొని పోయినోళ్లు మా సైట్‌ల ఇద్దరు ఉన్నరు.

ఇగ ఆ రాత్రి సంగతి. పది నిమిషాలు ఆగి, మేము కింది బెడ్డు దగ్గర కూసొని ఆ తమ్మునికి మా పెద్దపాప ముచ్చట చెప్పినం. కోత ముచ్చట కూడ చెప్పినం. మొదలు నమ్మలేదు. "అన్నా, మా అమ్మ నలుగురిని సాదింది, ఆమెకు తెల్వదా" అన్నడు. మా మరదలుకు ఫోన్ కలిపి ఇచ్చినం. అప్పటికి ఊర్ల రాత్రి పదిన్నర, ఆమె నిద్రల లేచి కూడ అరగంట మాట్లాడింది. ఆ తర్వాత వాడు భార్యకు మళ్ల వీడియో కాల్ చేసిండు. ఏం చెప్పాలో తెల్వక "పాప ఏం చేస్తున్నది" అన్నడు. "చెక్కెర నీళ్లు పట్టినం, పండింది" అన్నది ఆమె. "లేచినంక పాలియ్యి. మూతికి దస్తి కట్టుకో. నీకు జరం ఎంత ఉన్నది?" అన్నడు. అప్పటిదాక ఆమె జరం ఎంత అని వాడు అడగనేలేదు.

రెండు రోజులకు పాపకు కూడ ముక్కు కారింది. మావోడు పని మీద మనసు పెట్టలేదు, మేము కింద కటింగ్ దగ్గర వేసినం, పైకి ఎక్కనియ్యలేదు. రాత్రి ఆ అమ్మాయి ఫోన్ పాప పొట్ట మీదికి పెట్టింది, ఇద్దరం గడియారం చూసుకుంట లెక్కపెట్టినం. 41. మళ్ల లెక్కపెట్టినం, 43. మరదలు చెప్పింది, 50 లోపే ఉన్నది, జరం లేదు, పాలు తాగుతున్నది, భయం లేదు అని. అయినా పొద్దుగాల ఏఎన్ఎంకు చూపించిన్రు. నాలుగో రోజుకు పాప నవ్వుతున్నది, తల్లికి దగ్గు ఇంకా వారం ఉన్నది.

లీవుకు పోతున్న పక్క రూం అన్నతోటి పంపుదామని మావోడు అంతకుముందే రెండు డబ్బలు కొని పెట్టిండు. షాపోడు వాపసు తీసుకోలేదు. ఒకటి ఇప్పుకొని ఇప్పుడు మా రూంల చాయ్‌ల వేసుకుంటున్నం. చాయ్ అయితే బాగలేదు.